మూడో అంకంలో ఓబులమ్మ

1957 ఏప్రిల్ 12, శుక్రవారం. నంద్యాల

ఈరోజు మొదటి ఆశ్చర్యం: లూదియా టీచరు నన్ను తిట్టలేదు. ఇంగ్లీషు పరీక్షలో కాలం మిగిలితే ఊరుకోలేక, ప్రశ్నపత్రంలో ఇచ్చిన పద్యాన్ని తెలుగు చేసి జవాబుల కింద రాసి ఇచ్చాను. అందుకే పిలిచిందనుకుని భయపడుతూ గదిలోకి వెళ్ళాను. ఆమె బీరువా తెరిచి, అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"సెలవుల్లో ఏం చేస్తావు, సరస్వతీ?"

"పదకొండో తరగతి పాఠాలు ముందే చదువుకుంటాను టీచర్."

"చదవవు. ఏదో ఒకటి రాస్తావు. ఆ రాసేదేదో దీన్ని చూసి తెలుగులో రాయి."

స్పెయిన్ దేశపు పాత నాటకాలు. మూడు వందల ఏళ్ళ కిందటివి. ఎవరో ఇంగ్లీషులోకి మార్చారు. తిరిగి తమ దేశం వెళ్ళిపోయిన దొరసాని టీచరు ఒకామె వదిలేసిన పుస్తకమట.

హాస్టల్లో అందరూ పెట్టెలు సర్దుకుంటుంటే నేను ముందుమాట చదువుతూ కూర్చున్నాను. ఆ దేశంలో ఆ కాలానికే ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే కట్టేవారట! కథానాయిక మగబట్టలు వేసుకుని కత్తి పట్టుకుని వస్తే జనం ఊగిపోయేవారట. అది తప్పని పెద్దలు ఆజ్ఞలు రాశారట, మళ్ళీ మళ్ళీ. అన్నిసార్లు రాశారంటే ఎవరూ వినలేదన్నమాట.

ఏప్రిల్ 16, మంగళవారం. ఆళ్ళగడ్డ

పెద్ద నిఘంటువు బడిలోనే ఉండిపోయింది. అయినా ఒక నాటకం పూర్తిగా అర్థమయింది. రెండుసార్లు చదివాను.

బెనీతా అని ఒక అమ్మాయి. సరిహద్దులో కోట, ఆ కోట కాపలాదారు కూతురు. అన్న గోడమీద పోరాడి చనిపోయాడు. ఆమెను చేసుకోబోయే సైన్యాధికారి శత్రువుతో లాలూచీ పడి, తెల్లవారుజామున ఉత్తరపు తలుపు తెరుస్తానని మాట ఇస్తాడు. అది ఆమె చెవిన పడుతుంది. రెండో అంకమంతా ఆమె ఒక్కొక్క మగవాడి దగ్గరికీ వెళ్ళి చెబుతుంది. తండ్రి నమ్మడు. గురువు నమ్మడు. అందరూ ఇంట్లో కూర్చోమంటారు. మూడో అంకంలో చనిపోయిన అన్న బట్టలు వేసుకుని తలుపు దగ్గర నిలబడుతుంది. వచ్చిన ద్రోహిని కత్తితో పడగొడుతుంది. సైనికులు "ఎవరు నువ్వు?" అంటారు. ఆమె తలపాగా తీస్తుంది. జుట్టు జారి భుజాల మీద పడుతుంది.

అక్కడ పేజీ తిప్పకుండా ఆ ముక్కే మళ్ళీ చదివాను.

తరువాత రాజు వస్తాడు, పొగుడుతాడు, ఎవరో మంచివాడిని చూసి ఆమెకు పెళ్ళి నిశ్చయిస్తాడు. రాజు మాట్లాడతాడు, తండ్రి మాట్లాడతాడు, పెళ్ళికొడుకు మాట్లాడతాడు. ఆమెకు ఒక్క మాట కూడా లేదు. అచ్చు తప్పేమో, ఏదైనా పేజీ పోయిందేమో అని అంకెలు చూశాను. పేజీలన్నీ ఉన్నాయి.

ఏప్రిల్ 18, గురువారం

మనకు మగవాడికయితే పౌరుషం, ఆడదానికయితే మానం. ఆ పుస్తకంలో ఇద్దరికీ ఒకే మాట, 'ఆనర్'. పగలంతా వెతికి "పరువు" అని పెట్టాను. సరిపోయిందో లేదో.

ఏప్రిల్ 24, బుధవారం

బెనీతాను ఓబులమ్మను చేశాను. కోట మన సీమ కోట. రాజును మాత్రం మార్చలేదు. రాజులు ఎక్కడైనా ఒకటే.

రెండో అంకం అమ్మకు చదివి వినిపిస్తున్నాను. అమ్మ చేటలో కొర్రలు చెరుగుతూ వింటోంది. అప్పుడే రంగయ్య మామ వచ్చి గడపలో నిలబడిపోయాడు. అమ్మకు తమ్ముడు, నాటకాల సమాజానికి యజమాని. ఈ ఎండాకాలం ఏ నాటకం ఆడాలో తోచక తిరుగుతున్నాడు. పాతవన్నీ జనానికి కంఠతా వచ్చేశాయి. నటుడు మరిచిపోతే కింద కూర్చున్నవాళ్ళే అందిస్తున్నారు.

"ఎవురిదే ఆ మాట?"

"ఏ మాట మామా?"

"'మీరు కూర్చున్న అరుగుకు ఉన్న పరువు మీకు లేదు' అన్నావే, అదీ."

"నేనే రాసినా. కథ మాత్రం వేరే దేశానిది."

"యా దేశానిదైతే ఏముందిలే. కత్తులుండాయా?"

"ఉండాయి."

"ఏడ్పుండాదా?"

"కొంచెం."

"కొంచెం సాలదు. పద్యాలు హార్మోనియం పుల్లయ్య అతికిస్తాడు. బేగా పూర్తి చెయ్యి. ఓబులమ్మ వేషం దేవరాజుది. వాని ఏడ్పుకు రాళ్ళు కరగాల."

అమ్మ చేట దింపి, "మీ బావతో చెప్పి చెయ్‌రా ఏం చేసినా" అంది.

"పాప సాపు రాసిస్తాండాదని చెప్తా. రాసేదానికి ఎవురేమంటారు?"

నాయనకు అంతవరకే తెలుసు: నేను మామకు నాటకం అందంగా ఎత్తి రాసిస్తున్నానని. అది అబద్ధం కాదు కదా. పేరు వేస్తారా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. నాకు వేషం కట్టాలని కూడా లేదు. మాటలు నావైతే చాలు.

మే 3, శుక్రవారం

పత్తికొట్టంలో రిహార్సలు. నేను బస్తాల వెనుక కూర్చుని మాటలు అందిస్తాను. వాళ్ళకు నేను కనిపించను, వినిపిస్తాను.

దేవరాజన్నకు నలభై దాటాయి. రుద్రవరం నుంచి సైకిలు మీద వస్తాడు, బీడీ తాగుతూ, ఎవరినో తిడుతూ. పైట ఒకటి భుజాన పడితే చాలు, ఆ మనిషి ఉండడు. కూర్చునేటప్పుడు కుచ్చెళ్ళు సర్దుకునే తీరు చూసి అమ్మే నోరు తెరిచింది. ఇరవై ఏళ్ళుగా ఆడవేషాలు కడుతున్నాడు. నాటకం అయిపోగానే అందరి ముందూ సవరంతో సహా టోపా జుట్టు తీసి, గుండు గీసినంత పొట్టి క్రాపుతో దండం పెడతాడు. జనం దానికోసమే కాచుకుని ఉంటారు. "ఇంతసేపూ మగోడేరా!" అని ఒకరినొకరు పొడుచుకుంటారు. అప్పుడు పుల్లయ్య హార్మోనియం మీద మంగళం ఎత్తుకుంటాడు. మా సమాజంలో ఆట ముగియడమంటే అదే.

రెండో అంకంలో దేవరాజన్న ఓబులమ్మగా తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పే మాటలు విని నేను రాసినవేనా అనిపించింది. నేను రాసినదానికన్నా బాగున్నాయి.

నాకు ఆ మాటలన్నీ నోటికి వచ్చేశాయి. అందించేవాళ్ళకు రావడం సహజం.

మే 8, బుధవారం

కత్తి అట్టది. నిజం కత్తి అయితే బాగుండు.

మే 12, ఆదివారం

నిన్నటి ఆట గురించి రాయాలి. చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

మొదటి అంకం బాగుంది. రెండో అంకం ఇంకా బాగుంది. ఆడవాళ్ళ వైపు దడి వెనుక నేను అమ్మ పక్కన కూర్చున్నాను. ముందు వరసలో నాయన. "మీరు కూర్చున్న అరుగుకు ఉన్న పరువు" అన్నచోట వన్స్‌మోర్ అని మొదట అరిచింది నాయనే! ఆ మాట నాది అని ఆయనకు తెలియదు. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

మూడో అంకం. దేవరాజన్న పంచె కట్టి, తలపాగా చుట్టి, కత్తి పట్టుకుని వచ్చాడు. తలపాగా కింద టోపా జుట్టు పట్టలేదు. రిహార్సలులో రెండుసార్లు రెండూ కలిసి ఊడిపోయాయి. అందుకని మామ దాన్ని తీసి పక్కన పెట్టమన్నాడట. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

వచ్చీ రావడంతోనే నా వెనుక కూర్చున్న లింగమ్మ, "ఈయప్ప ఎవురమ్మా కొత్తగా?" అని అడిగింది.

"ఓబులమ్మే" అన్నాను.

"ఓబులమ్మ ఇంట్లో ఉండాది కదా. ఈయప్ప ఓబులమ్మ అన్నేమో. బతికుండాడా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎందుకంటే నాకూ అలాగే కనిపించింది. ఎదురుగా నడుస్తున్నది ఒక మగవాడు. బాగా నడుస్తున్నాడు, బాగా కత్తి తిప్పుతున్నాడు. ఓబులమ్మ ఎక్కడా లేదు. రెండు అంకాలు ఏడ్చి, బతిమాలి, కోపం తెచ్చుకున్న పిల్ల తెర వెనుకకు వెళ్ళి మాయమైపోయింది.

ద్రోహి పడిపోయాడు. సైనికులు "ఎవరు నువ్వు?" అన్నారు. దేవరాజన్న తలపాగా తీశాడు.

పొట్టి క్రాపు.

జనమంతా లేచి చప్పట్లు! "దేవరాజన్నా! దేవరాజన్నా!" అని కేకలు. ఇరవై ఏళ్ళుగా ఆ తల కనబడితే ఆట అయిపోయినట్టే. పుల్లయ్య చేతులు కూడా వాటంతట అవే మంగళం ఎత్తుకున్నాయి. నాయన తెర దగ్గరికి వెళ్ళి దేవరాజన్న మెడలో పూలదండ వేశాడు. దేవరాజన్న ఏం చేయాలో తెలియక అలవాటుగా దండం పెట్టాడు. రాజు వేషం కట్టినతను కిరీటం పెట్టుకుని పక్కన నిలబడే ఉన్నాడు, పాపం. అతని వంతు రాలేదు. జనం చాపలు చుట్టుకుని వెళ్ళిపోయారు.

ఓబులమ్మ గెలిచిందని ఆళ్ళగడ్డలో ఒక్కరికీ తెలియదు.

దారిలో నాయన, "బాగుండాదమ్మీ. ఆ పిల్ల కథ ఏమాయనో తెలీలేదు గానీ" అన్నాడు.

మే 13, సోమవారం

ఆ పిల్ల కథ ఏమయింది?

మే 15, బుధవారం

ఈ నెల ఇరవై ఐదున, శనివారం, నంద్యాలలో పత్తిమిల్లు మైదానంలో ఆట ఒప్పుకున్నారు. మామ పొద్దున్నే వచ్చాడు.

"సరసూ, మూడో అంకం మార్చు. ఆ పిల్లకు పంచె వద్దు, కత్తి వద్దు. తలుపుకాడ చీరతోనే నిలబడి ఏడుస్తాది. రాజు వచ్చి ఆ ద్రోహిని నరుకుతాడు. దేవరాజు ఏడుస్తే సాలు."

"అప్పుడు ఆమె చేసిందేముంది మామా?"

"ఏడ్చింది కదా!"

"జుట్టు అతికించి కుట్టిన తలపాగా చేయిస్తే?"

"సేసినాం. కత్తి తిప్పితే ఎగిరి పుల్లయ్య ఒళ్ళో పడింది. వాడు ఎలుగుబంటి పిల్ల అనుకొని లేసి ఉరికినాడు."

అమ్మ నవ్వింది. నేను నవ్వలేదు.

"కర్నూలు నుంచి నటినెవరినైనా పిలిపిస్తే?" అన్నాను. నాకు తోచింది చెప్పాను, అంతే.

నాయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. సంగటి ముద్ద చేతిలో పట్టుకుని, "ఆడది ఆడదాని మాదిరి ఉంటే దాంట్లో ఇద్య యాడుందమ్మీ? దేవరాజు ఆడితే ఇద్య" అన్నాడు. "అయినా నలుగురు మగోళ్ళ ముందర ఆడపిల్ల ఎగిరితే ఆ ఇంటోళ్ళు తలెత్తుకొని తిరుగుతారా?"

ఎవరినీ ఉద్దేశించి అనలేదు. మజ్జిగ పోయమన్నాడు. పోశాను.

రాజు వచ్చి నరికేలాగా ఒక పేజీ రాసి చూశాను. చించేశాను. మళ్ళీ రాశాను. మళ్ళీ చించేశాను. నా చేతితో ఆమెను ఇంట్లో కూర్చోబెట్టలేను.

మే 17, శుక్రవారం

మిట్ట మధ్యాహ్నం దేవరాజన్న వచ్చాడు. నాయన చేను దగ్గర ఉన్నాడు. అమ్మ నీళ్ళిచ్చింది. చెంబెడూ తాగి, పంచలో కూర్చుని, నా వైపు చూడకుండా అన్నాడు:

"పాపా, నీ ఓబులమ్మను నేనే సంపినా."

"అట్లనొద్దన్నా. జుట్టు వల్ల వచ్చింది."

"జుట్టు కాదులే. నడక. లింగమ్మ అన్నదంట కదా, ఎవురీయప్ప అని. ఊరంతా అదే నవ్వు. ఇరవై ఏండ్లలో నన్ను మగోడని పట్టినోళ్ళు లేరు. మొన్న పట్టినారు." తల గోక్కున్నాడు. "మగబట్ట కట్టిన ఆడది ఎట్ల నడుస్తాదో నేనెప్పుడూ చూడలేదు. నువ్వు నడిచి చూపిస్తావా?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ, "నాకు దొడ్లో పనుండాది" అని లేచి వెళ్ళింది.

దండెం మీద నాయన పంచె ఉంది. లంగా మీదనే కట్టుకున్నాను. తువ్వాలు తలకు చుట్టుకున్నాను, జడ లోపలికి దోపి. పత్తికట్టె ఒకటి చేత పట్టుకున్నాను. పంచలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. వీధిలో ఏదో బండి పోతే ఆగిపోయి గోడకు అంటుకున్నాను. బండి పోయాక మళ్ళీ నడిచాను, ఈసారి తల కొంచెం ఎత్తి.

"ఇంగోసారి."

నడిచాను.

ఆయనా నా వెనుకే నడిచాడు. చెయ్యి నాలాగా పెట్టాడు, మెడ నాలాగా తిప్పాడు. ఆడవాళ్ళను చూసి చూసి నేర్చుకున్న మనిషి, చూడగానే పట్టేస్తాడు. అయినా కుదరలేదు. ఆయనకే తెలిసింది. కూర్చుండిపోయాడు.

"నాకు రాదులే పాపా. ఎందుకో చెప్తా ఇను. చీర కడితే నేను ప్రతి అడుగూ చూసుకుంటా. పంచె కడితే నాకు ఇంటికొచ్చినట్టుంటాది. నీకు పంచె కడితే ఇల్లు ఇడిసినట్టుండాది. నువ్వు భయపడతా నడుస్తాండావ్. భయపడతానే ముందుకు పోతాండావ్. ఆ పిల్ల గూడా అంతే కదా?"

నేను నాటకం మొత్తం ఎన్నిసార్లు చదివానో. ఓబులమ్మకు భయమని నాకెప్పుడూ తోచలేదు. ధైర్యం అని రాసినచోటల్లా మళ్ళీ చూసుకోవాలి.

"మూడో అంకం నువ్వు ఆడు" అన్నాడు.

నవ్వులాట కాదు. ఆయన ముఖంలో నవ్వు లేదు.

మే 18, శనివారం

అమ్మ అన్నది ఒకే మాట: "మీ నాయన పంచె ఉతికి ఆరెయ్. మట్టి అంటుకొన్యాది."

మే 20, సోమవారం

దేవరాజన్న మామతో అనేశాడు. పత్తికొట్టంలో పెద్ద గలాటా.

"తిక్క పట్టిందా నీకు? మా బావ నన్ను నరుకుతాడు!"

"చీర కట్టిన రెండు అంకాలు నేనాడతా. పంచె కట్టిన అంకం పాప ఆడతాది. జనానికి మొకం తెలీదు, సగం దీపాలే కదా. మగబట్టలో వచ్చేది పిల్లోడే అనుకుంటారు."

ఆడదానిగా ఉన్నప్పుడు ఓబులమ్మ మగవాడు. మగవాడిగా ఉన్నప్పుడు ఓబులమ్మ ఆడది. ఆ స్పెయిన్ వాళ్ళకు కూడా ఇది తట్టి ఉండదు.

మామ చాలాసేపు మీసం నమిలాడు. చివరకు, "సరే. రుద్రవరం పిల్లోడని చెప్తాం. కానీ తలపాగా తీసేది లేదు. సైనికుడే 'అయ్యో, ఈమె ఆడది' అంటాడు. నువ్వు తల ఊపు. అంతే" అన్నాడు.

"తలపాగా తీయకుంటే ఎట్ల మామా? అక్కడే కదా..."

"తీస్తే జడ కింద పడతాది. జడ పడితే ఆళ్ళగడ్డోళ్ళు పదిమంది ఉంటారు ఆడ. మరుసటి పొద్దుకు మీ నాయనకు తెలుస్తాది. నీ చదువు ఆ పొద్దే ఆఖరు. ఇష్టమా?"

ఆయన మంచికే చెప్పాడు. నిజమే చెప్పాడు. ఇంకొక్క ఏడు ఉంది నాకు బడి. ఆ ఏడు కోసం నాయనను అమ్మ ఎన్నాళ్ళు బతిమాలిందో నాకు తెలుసు.

బయటికి వచ్చాక దేవరాజన్న సైకిలు పట్టుకుని నాతోపాటు నాలుగు అడుగులు నడిచాడు.

"అన్నా, నీకు కష్టంగా లేదా?"

"ఎందుకుండదు? ఈ ఏడు నువ్వు ఒక అంకం ఆడితే, ఇంగో ఏటికి ఎవురో పాప వచ్చి మూడూ ఆడతాది. అప్పుడు నాకు యాడిది వేషం?" బీడీ వెలిగించుకున్నాడు. "అయినా పాపా, ఆ మంగళం నడిమధ్యలో మోగేది ఇంగోసారి నేను వినలేను."

తలపాగా తీయకుండా ఆడవచ్చు. ఎవరికీ తెలియదు, చదువు పోదు, ఓబులమ్మ గెలుస్తుంది. అంతా బాగానే ఉంది. నాకెలాగూ వేషం మీద మోజు లేదు. కథ కోసం.

మే 21, మంగళవారం

బాగా లేదు. రుద్రవరం పిల్లవాడు కత్తి తిప్పితే గెలిచేది రుద్రవరం పిల్లవాడే.

మే 22, బుధవారం. నంద్యాల వెళ్ళి వచ్చాను

మామకు మైదానం చూసే పని ఉంది. పుస్తకం గురించి టీచరును అడగాలని చెప్పి నేనూ బస్సెక్కాను. లూదియా టీచరు సెలవుల్లో కూడా బడి ఆవరణలోనే ఉంటుంది. నూనె రాసుకుని, జుట్టు విరబోసుకుని వేపచెట్టు కింద కూర్చుని ఉంది. నన్ను చూసి గబగబా ముడి వేసుకుంది.

చివరి రంగం గురించి అడిగాను. ఆమెకు మాటలు లేవు కదా, నేను రెండు మాటలు కలపవచ్చా?

"అనువాదం చేసేవాళ్ళు లేని మాట పెట్టకూడదు" అంది.

"అయితే ఆమె అలా ఊరికే నిలబడి ఉండాల్సిందేనా?"

"ఊరికే ఎవరు నిలబడమన్నారు? ఆ నాటకాలు చదవడానికి రాసినవి కావు, సరస్వతీ. ఒక ఆడమనిషి అక్కడ నిలబడి ఉంటుందని తెలిసి రాశారు. ఆమె జుట్టు విప్పుకుని, చేత కత్తితో, రాజు మాట్లాడినంతసేపూ జనం వైపు చూస్తూ నిలబడితే, ఎవరి మాట వింటారు జనం?"

నేను కాగితం మీద ఖాళీనే చూశాను. ఆ ఖాళీలో మనిషి ఉందని చూడలేదు.

అప్పుడు అన్నీ చెప్పేశాను. పంచె సంగతి, మామ షరతు, అన్నీ.

"నీకు ఆడాలని ఉందా?"

"కథ కోసం టీచర్..."

"కథ సంగతి నేను అడగలేదు."

నేను మాట మార్చాను.

"మా నాయన బడి మాన్పిస్తే?"

"నేను ఆళ్ళగడ్డ వచ్చి అడుగుతాను. ఆయన వినకపోవచ్చు. చాలామంది వినలేదు. అది కూడా తెలుసుకునే ఏదైనా చెయ్యి."

బస్సులో మామ కునుకు తీస్తున్నాడు. కిటికీలో నుంచి వేడిగాలి. నాలో నేను మూడో అంకం చెప్పుకుంటున్నాను, పెదవులు కదులుతున్నాయి కాబోలు, ఎదుటి సీటులో ముసలామె "జపమా పాపా?" అని అడిగింది. అవునన్నాను.

రాస్తున్నాను. నాకు ఆడాలని ఉంది. మొదటి నుంచీ ఉంది. బస్తాల వెనుక కూర్చున్నప్పుడు ఉంది. దడి వెనుక కూర్చున్నప్పుడు ఉంది. తలపాగా తీయాలని ఉంది.

మే 23, గురువారం

పొద్దున మామతో చెప్పాను: తలపాగా తీస్తాను, లేకపోతే ఆడను. రాజు నరికే మూడో అంకం కావాలంటే వేరే ఎవరితోనైనా రాయించుకోమన్నాను.

"మీ నాయనతో ఎవురు చెప్తారే?"

"నేను చెప్తా."

"నన్ను చెప్పమనొద్దు."

"అననులే మామా."

మామ నన్ను ఎగాదిగా చూసి, "అచ్చం అక్క మాదిరే ఉండావ్. పెండ్లినాడు అక్క గూడా ఇట్లనే నిలబడింది, కొత్తకోక కట్టుకోనని" అన్నాడు. అది నాకు తెలియదు. అమ్మను అడిగితే, "వానికి ఏమీ తెల్దు" అంది. చేట తీసుకుని దొడ్లోకి వెళ్ళింది.

దేవరాజన్న రెండో అంకం చివర ఒక కొత్త సంగతి పెట్టాడు. ఏడుపు మధ్యలో ఆపి, చనిపోయిన అన్న పంచెను చేతితో తడిమి, దానితో చేతులు తుడుచుకుంటాడు, వంటింట్లో ఆడవాళ్ళు తుడుచుకున్నట్టు. "నువ్వు తెర ఇవతలికి వచ్చినాక నువ్వు గూడా ఒక్కసారి అట్ల తుడుచుకో పాపా. జనం పట్టుకుంటారు, ఈమె ఆమే అని" అన్నాడు. ఎంత చిన్నది! నా పేజీలన్నీ చేయలేని పని. రెండుసార్లు ఆడి చూశాం. పుల్లయ్య హార్మోనియం మీద చేతులు పెట్టుకుని మరిచిపోయి చూస్తున్నాడు. మంగళం నేను తల ఊపినప్పుడే వాయించాలని ఆయనకు మూడుసార్లు చెప్పాం.

సాయంత్రం నాయన కొత్త పలుపు పేనుతుంటే దగ్గర కూర్చున్నాను. చెప్పాలనే కూర్చున్నాను. "ఏందమ్మీ, చదువు లేదా?" అన్నాడు. ఉందని చెప్పి లేచి వచ్చాను. పలుపు కొస నా చేతిలో పెట్టి పట్టుకోమని ఉంటే చెప్పేదాన్నేమో. లేదు, ఇది కూడా సాకే.

నాయనతో ఎలా చెప్పాలో రాసి చూశాను.

"నాయనా, మొన్న నువ్వు వన్స్‌మోర్ అన్న మాట నాది." బాగుంది, కానీ లంచం ఇచ్చినట్టుంది.

"నాయనా, వేరే దేశంలో మూడు వందల ఏండ్ల కిందటే ఆడవాళ్ళు..." ఆయనకు వేరే దేశంతో ఏం పని?

"నాయనా, నీ పరువు పోకుండా..." ఇది వద్దు. పరువు అనే మాట నేను ముందు ఎత్తను.

"నాయనా, ఆ నాటకం నేను రాసినా. శనివారం నంద్యాలలో మూడో అంకం నేనే ఆడతా. తలపాగా తీస్తా. ముందుగా నీకు చెప్పాలని వచ్చినా."

ఇదే. ఇంతకన్నా ఒక్క మాట కూడా ఎక్కువ వద్దు.

దీనికి ఆయన ఏమంటాడో, దానికి నేనేమనాలో రాద్దామని కలం పట్టుకున్నాను. రాయలేదు. ఆయన మాట ఆయననే చెప్పనివ్వాలి. ఆయన కొట్టవచ్చు. బడి వద్దనవచ్చు. ఏమీ అనకుండా లేచి చేనుకు పోవచ్చు. అదే అన్నిటికంటే భయం.

రేపు ఆయన తెల్లవారకముందే చేనుకు బయలుదేరతాడు. అంతకన్నా ముందు లేవాలి. ఎద్దులకు కుడితి పెట్టేటప్పుడు దొడ్లో ఒక్కడే ఉంటాడు. దొడ్డితలుపు దగ్గర నిలబడి చెబుతాను. ఆయన నా వైపు తిరిగేదాకా ఆగి, అప్పుడు చెబుతాను.